మతిమరుపుకు మందు మేవా దుకాణంలో దొరకదు

పెద్దాయనకు మతి తప్పుతోంది. పొద్దున అన్నం తిన్న సంగతి మధ్యాహ్నానికి గుర్తుండడం లేదు. నలభై ఏళ్లుగా దున్నిన సొంత చేనుకు వెళ్తూ దారి తప్పాడు. కోడల్ని చూసి "ఎవరమ్మా నువ్వు?" అని అడిగాడు. ఇంట్లోవాళ్లు కంగారు పడ్డారు. "బాదం పప్పు, అక్రోట్లు పెట్టండి. మెదడుకు బలం" అని ఇరుగుపొరుగు సలహా చెప్పారు. కొడుకు పట్నం వెళ్లి, నాంపల్లి స్టేషన్‌లో దిగి, మొజంజాహీ మార్కెట్‌కు నడిచి, రెండు సంచులు నింపుకొని వచ్చాడు. మూడు నెలల్లో సంచులు ఖాళీ అయ్యాయి. పెద్దాయన మతి మాత్రం తిరిగి రాలేదు.

ఇది ఏ ఒక్క ఇంటి సంగతో కాదు. ఇలాంటి ఇళ్లు ఏ ఊళ్లోనైనా కనిపిస్తాయి. ఇందులో పోయింది డబ్బు ఒక్కటే అయితే అంతగా బాధపడనక్కరలేదు. మూడు నెలల కాలం కూడా పోయింది. ఆ మూడు నెలల్లో ఒక్క రక్తపరీక్ష చేయించి ఉంటే, బాగు చేయగలిగిన జబ్బేదో బయటపడేదేమో! ఎండు పండ్లు, పప్పులు మెదడుకు నిజంగా ఏం చేస్తాయి? ఏం చేయలేవు? పట్నానికి డబ్బు కట్టుకొని బయలుదేరే ముందు ఈ సంగతులు తెలుసుకోవడం మంచిది.

మేవా బజారు

ఆబిడ్స్‌కూ నాంపల్లికీ నడుమ ఉన్న మొజంజాహీ మార్కెట్ 1935 నాటి రాతి కట్టడం. ఏడో నిజాం తన రెండో కుమారుడి పేరు మీద కట్టించాడు. ఒకప్పుడు ఇది నగరానికి పండ్ల మార్కెట్. ఇప్పటికీ ఈ చుట్టుపక్కల మేవా దుకాణాలకు కొదువ లేదు. టోకున కొనేవారు పక్కనే ఉన్న బేగంబజారుకు వెళ్తారు. ఏటా జనవరి 1 నుంచి ఫిబ్రవరి మధ్య దాకా నాంపల్లి ఎగ్జిబిషన్ మైదానంలో జరిగే నుమాయిష్‌లో కశ్మీరు వర్తకులు కూడా దుకాణాలు పెడతారు.

ఈ సరుకంతా నలుమూలల నుంచి వస్తుంది. అక్రోట్లు కశ్మీరువి. బాదం పప్పులో ఎక్కువ భాగం అమెరికా నుంచి దిగుమతి అవుతుంది. కిస్మిస్ మహారాష్ట్రలోని సాంగ్లీ, నాసిక్ ప్రాంతాల నుంచి, అంజీర్ అఫ్ఘానిస్తాన్ నుంచి, ఖర్జూరం గల్ఫ్ దేశాల నుంచి వస్తాయి. జీడిపప్పుకు మన పలాస పేరున్నదే. హైదరాబాద్ పెళ్లి విందుల్లో ఖుబానీ మీఠా చేసే ఎండు పండు కూడా ఇక్కడ దొరుకుతుంది.

దుకాణంలో అన్నీ పక్కపక్కనే ఉంటాయి. అన్నిటినీ కలిపి "డ్రైఫ్రూట్స్" అంటారు. చిక్కంతా ఇక్కడే మొదలవుతుంది. ఇందులో రెండు వేర్వేరు జాతులున్నాయి. బాదం, అక్రోట్, పిస్తా, జీడిపప్పు - ఇవి గింజల పప్పులు. వీటిలో కొవ్వు, మాంసకృత్తులు ఎక్కువ, చక్కెర తక్కువ. కిస్మిస్, ఖర్జూరం, అంజీర్, ఖుబానీ - ఇవి ఎండబెట్టిన పండ్లు. పండులోని నీరు పోయి చక్కెర చిక్కబడుతుంది. కిలో కిస్మిస్ కావాలంటే సుమారు నాలుగు కిలోల ద్రాక్ష ఎండాలి. ఆ నాలుగు కిలోల తీపీ కిలోలోనే ఉంటుంది. బాదం తిన్నా ఖర్జూరం తిన్నా ఒకటే అనుకోవడం పొరపాటు. చక్కెర వ్యాధి ఉన్నవారికి ఆ పొరపాటు ప్రమాదం కూడా.

అరులు మరులు కాదు, జబ్బు

"అరవై దాటితే అరులు మరులు" అని మనవాళ్లు తేలిగ్గా తీసేస్తారు. వయసుతో కొంత మరుపు అందరికీ వస్తుంది. కళ్లజోడు ఎక్కడ పెట్టామో మరిచిపోవడం జబ్బు కాదు. ఆ కళ్లజోడు చేతిలో పెట్టుకొని ఇది దేనికి అని అడిగితే జబ్బు. చుట్టం పేరు చప్పున నోటికి రాకపోవడం మామూలే. సొంత కొడుకును పోల్చుకోలేకపోవడం మామూలు కాదు. లెక్క చెప్పడం రాకపోవడం, అడిగిందే పదిసార్లు అడగడం, తెలిసిన దారి తప్పడం, గుణం ఉన్నట్టుండి మారిపోవడం కనిపిస్తే డాక్టరుకు చూపించాలి.

మన దేశంలో 60 ఏళ్లు దాటిన ప్రతి 100 మందిలో ఏడుగురికి పైగా ఇలాంటి మతిభ్రంశం ఉన్నట్టు 2023లో వెలువడిన దేశవ్యాప్త అధ్యయనం అంచనా వేసింది. మొత్తం 88 లక్షల మంది. మగవారిలో కన్నా ఆడవారిలో, పట్నాల్లో కన్నా పల్లెల్లో ఇది ఎక్కువని తేలింది. ఇది డబ్బున్నవాళ్ల జబ్బనో, బస్తీ జబ్బనో అనుకోవడానికి లేదు.

ఈ మతిభ్రంశానికి కారణమయ్యే జబ్బుల్లో ముఖ్యమైనది అల్జీమర్స్. జర్మనీ వైద్యుడు అలోయిస్ అల్జీమర్ పేరు దీనికి పెట్టారు. ఆయన 1901లో ఒక రోగిని చూశాడు. ఆమెకు అప్పుడు 51 ఏళ్లు. భర్త పేరు అడిగినా తికమకపడేది. 1906లో ఆమె చనిపోయాక మెదడును సూక్ష్మదర్శిని కింద పెట్టి చూశాడు. జీవకణాల మధ్య ఏవో గడ్డల్లా పేరుకొని ఉన్నాయి. కణాల లోపల పీచు చిక్కుపడినట్టు ముడులు కనిపించాయి. ఆ సంగతి అదే ఏడాది నవంబరులో వైద్యుల సభలో చెప్పాడు. ఆ గడ్డలు అమిలాయిడ్ అనే మాంసకృత్తివని, ముడులు టౌ అనే మాంసకృత్తివని తర్వాతి శాస్త్రజ్ఞులు తేల్చారు.

మెదడులో కుంపటి

ఈ జబ్బులో మెదడు లోపల వాపు కూడా ఉంటుంది. "మెదడువాపు" అనగానే మనకు దోమకాటుతో పిల్లలకు వచ్చే జ్వరం గుర్తుకొస్తుంది. అది వేరు. అది వైరస్ వల్ల వస్తుంది, రోజుల్లో ప్రాణం మీదికి తెస్తుంది. దానికి టీకా ఉంది. అల్జీమర్స్‌లో వాపు కంటికి కనపడేది కాదు. జ్వరం ఉండదు. బూడిద కింద నిప్పు లాగా ఏళ్ల తరబడి రాజుకుంటూ ఉంటుంది.

కాలికి ముల్లు గుచ్చుకుంటే ఆ చోటు ఎర్రబడి, వేడెక్కి, వాస్తుంది. ముల్లును బయటికి నెట్టడానికి ఒళ్లు చేసే పోరాటం అది. మెదడులోనూ ఇలా కాపలా కాసే కణాలున్నాయి. వాటిని మైక్రోగ్లియా అంటారు. చెత్తను తినేయడం వాటి పని. అమిలాయిడ్ గడ్డలు పేరుకుంటే అవి వచ్చి వాటిని తొలగించాలని చూస్తాయి. గడ్డలు ఎంతకీ తగ్గకపోతే అవీ ఊరుకోవు. ఘాటైన రసాయనాలు వదులుతూనే ఉంటాయి. పందుల్ని తరమడానికి పెట్టిన కుక్కలు రాత్రంతా చేలో తిరిగి పైరునే తొక్కేస్తే ఎలా ఉంటుందో అలా, మంచి కణాలు కూడా దెబ్బతింటాయి.

ఒంట్లో మిగతా చోట్ల ఉన్న వాపు కూడా ఈ కుంపటిని ఎగదోస్తుందని శాస్త్రజ్ఞులు అనుమానిస్తున్నారు. చక్కెర వ్యాధి, స్థూలకాయం, పొగతాగడం ఒంట్లో ఇలాంటి వాపును పెంచుతాయి. ఆహారానికీ మెదడుకూ ముడి ఇక్కడ పడింది. వాపు తగ్గించే ఆహారం తింటే మెదడు నిలుస్తుందా అన్నది ప్రశ్న.

వాపు తగ్గించే మాత్రలు మింగితే సరిపోతుంది కదా అని కొందరికి తోచవచ్చు. అమెరికాలో ఆ పనీ చేసి చూశారు. ఇంట్లో ఎవరికైనా ఈ జబ్బు ఉండి, 70 ఏళ్లు దాటిన సుమారు 2,500 మందితో 2001లో ఒక పరీక్ష మొదలుపెట్టారు. కొందరికి నొప్పుల మాత్రలు, కొందరికి ఉత్తి మాత్రలు ఇచ్చారు. 2004 చివర్లో గుండెకు చేటు చేస్తాయన్న భయంతో మాత్రలు ఆపేశారు. జబ్బు రాకుండా అవి ఆపినట్టు కనపడలేదు. కాబట్టి మతిమరుపు కోసమని నొప్పుల మాత్రలు మింగకూడదు. అవి ఎక్కువ కాలం వాడితే కడుపులో పుండ్లు పడతాయి, మూత్రపిండాలు దెబ్బతింటాయి.

మస్కట్ ఎలుకలు చెప్పిన సంగతి

మన పల్లెల నుంచి గల్ఫ్‌కు వెళ్లినవారు సెలవుల్లో ఇంటికి వస్తూ ఖర్జూరం పెట్టెలు తెస్తారు. ఆ ఖర్జూరం మీదే ఒమన్ దేశంలోని సుల్తాన్ ఖాబూస్ విశ్వవిద్యాలయం శాస్త్రజ్ఞులు పరిశోధన చేశారు. 2015లో దాని ఫలితం వెలువడింది.

అల్జీమర్స్ లాంటి జబ్బు వచ్చేలా పుట్టించిన ఎలుకల్ని తీసుకున్నారు. వాటి మేతలో నూటికి 4 పాళ్లు ఒమన్‌లో పండిన ఖర్జూరమో, అంజీరో, దానిమ్మో కలిపారు. 15 నెలల పాటు అదే పెట్టారు. పండ్లు తినని ఎలుకలతో పోల్చి చూస్తే, తిన్నవాటిలో వాపును పెంచే రసాయనాలు తక్కువగా ఉన్నాయి. పండ్లలోని రంగు, వగరు పదార్థాలు ఈ మేలు చేసి ఉంటాయని భావించారు.

వినడానికి బాగానే ఉంది. అయితే మూడు సంగతులు మరిచిపోకూడదు. మొదటిది, అవి ఎలుకలు. ఎలుకల్లో పనిచేసిన మందులు ఎన్నో అల్జీమర్స్ రోగుల దగ్గరికి వచ్చేసరికి ఓడిపోయాయి. రెండోది, ఎలుక ఆయుష్షు రెండేళ్లకు అటూఇటూ. 15 నెలలంటే దాని జీవితంలో సగానికి మించి. వయసులో ఉన్నప్పటి నుంచే పెట్టారు. జబ్బు ముదిరాక మూడు నెలలు పెట్టడం దానితో సమానం కాదు. మూడోది, నూటికి 4 పాళ్లంటే ఎంత? రోజుకు అరకిలో పొడి ఆహారం తినే మనిషికి అది 20 గ్రాములు. రెండు మూడు చిన్న ఖర్జూరాలు. గుప్పెళ్లకు గుప్పెళ్లు తినమని ఆ పరిశోధన చెప్పలేదు.

అక్రోట్లు మనుషులు తిని చూశారు

అక్రోట్ పప్పు చూడడానికి మెదడులాగే రెండు భాగాలుగా, ముడతలతో ఉంటుంది. అందుకే అది మెదడుకు మంచిదన్న మాట పుట్టింది. పోలిక చూసి మందు నిర్ణయించే అలవాటు చాలా దేశాల్లో పాతకాలం నుంచీ ఉంది. పోలికను బట్టి గుణం రాదు. పరీక్షించి చూస్తేనే తెలుస్తుంది.

స్పెయిన్‌లోని బార్సిలోనాలోనూ, అమెరికాలోని లోమాలిండాలోనూ సుమారు 700 మంది పెద్దవాళ్లపై ఈ పరీక్ష చేశారు. ఒక వర్గం రోజూ 30 నుంచి 60 గ్రాముల అక్రోట్లు తిన్నది. రెండో వర్గం తినలేదు. రెండేళ్లు నడిచింది. 2020లో వచ్చిన ఫలితాల్లో రెండు విషయాలు తేలాయి. రక్తంలో వాపును తెలిపే 10 రకాల గుర్తులు చూస్తే, అక్రోట్లు తిన్నవారిలో 6 తగ్గాయి. కానీ జ్ఞాపకశక్తి, ఆలోచన పరీక్షల్లో రెండు వర్గాలకూ మొత్తం మీద తేడా కనపడలేదు. అంటే ఒంట్లో వాపు తగ్గడం నిజం. దానితోనే మతి నిలుస్తుందని చెప్పడానికి మాత్రం లేదు.

బార్సిలోనాలోనే అంతకు ముందు జరిగిన మరో పరీక్ష ఫలితం 2015లో వచ్చింది. 447 మంది, సగటు వయసు 67. కొందరికి కూరగాయలు, పప్పులు, చేపలతో కూడిన ఆ ప్రాంతపు భోజనంతో పాటు రోజుకు 30 గ్రాముల అక్రోట్, బాదం, హేజెల్ గింజలు కలిపి ఇచ్చారు. కొందరికి అదే భోజనంతో ఆలివ్ నూనె ఇచ్చారు. నాలుగేళ్ల తర్వాత వీరి జ్ఞాపకం, ఆలోచన మామూలు భోజనం వారికన్నా మెరుగ్గా ఉన్నాయి. ఇక్కడ గమనించవలసింది, పనిచేసింది ఒక్క పప్పు కాదు, కంచంలోని మొత్తం భోజనం.

ఆకుకూరలు, పప్పుధాన్యాలు, గింజలు, చేపలు ఎక్కువగా ఉండే "మైండ్" అనే భోజనపద్ధతిని షికాగో శాస్త్రజ్ఞులు రూపొందించారు. అలా తినేవారికి అల్జీమర్స్ తక్కువగా వస్తోందని 2015లో 923 మందిని గమనించి చెప్పారు. ఆ తర్వాత 604 మందితో మూడేళ్లు గట్టి పరీక్ష చేస్తే, ఆ భోజనం తిన్నవారికీ మామూలు తిండినే కాస్త తగ్గించి తిన్నవారికీ పెద్ద తేడా లేదని 2023లో తేలింది. మూడేళ్లు చాలకపోవచ్చు. ఈ జబ్బు బయటపడడానికి పదిహేను ఇరవై ఏళ్ల ముందే మెదడులో మొదలవుతుంది. మంచి తిండి నడివయసు నుంచే ఉండాలన్నది ఇప్పటికి శాస్త్రజ్ఞుల అభిప్రాయం. జబ్బు వచ్చినవారికి దాన్ని వెనక్కి తిప్పే పండూ లేదు, పప్పూ లేదు.

తీపి వెనుక ముప్పు

మన దేశంలో 10 కోట్ల మందికి పైగా చక్కెర వ్యాధి ఉన్నట్టు 2023లో వచ్చిన భారత వైద్య పరిశోధన మండలి అధ్యయనం చెప్పింది. చక్కెర వ్యాధి అదుపు తప్పితే మతిభ్రంశం వచ్చే అవకాశం పెరుగుతుంది. అలాంటి మనిషికి మెదడు బలానికని రోజూ గుప్పెడు ఖర్జూరం, గుప్పెడు కిస్మిస్ పెడితే ఏమవుతుంది? 100 గ్రాముల ఎండు ఖర్జూరంలో 60 గ్రాములకు పైగా చక్కెరే. మెదడును కాపాడబోయి మెదడుకే చేటు తెచ్చుకున్నట్టు.

పట్నం దుకాణాల్లో తేనెలో నానబెట్టిన డ్రైఫ్రూట్స్ సీసాలు కూడా అమ్ముతున్నారు. తీపి మీద తీపి అది. చక్కెర వ్యాధి ఉన్న ఇంటికి అది పనికిరాదు. ఉప్పు చల్లి వేయించిన జీడిపప్పు, పిస్తా రక్తపోటు ఉన్నవారికి మంచివి కావు. కొనదలిస్తే ఉప్పు, చక్కెర కలపని పప్పులే అడగాలి. చక్కెర వ్యాధి ఉన్నవారు ఎండు పండ్లు ఎంత తినవచ్చో తమ డాక్టరును అడిగే తినాలి.

చేతికందే బాదం మన చేలోనే ఉంది

బాదం, అక్రోట్లు కొనలేని ఇంట్లో పెద్దలకు మెదడు బలం ఉండదా? ఉంటుంది. వేరుసెనగ పప్పు 100 గ్రాముల్లో సుమారు 24 గ్రాముల మాంసకృత్తులుంటాయి. ఈ లెక్కలో బాదం కన్నా వేరుసెనగే పైన. కిలో బాదం ధరకు నాలుగైదు కిలోల వేరుసెనగ పప్పు వస్తుంది. అక్రోట్ గొప్పదనం అందులోని ఒమేగా-3 కొవ్వు. ఆ కొవ్వు అవిసె గింజల్లో అంతకు రెట్టింపు ఉంటుంది. అవిసె గింజలు దోరగా వేయించి పొడి చేసుకొని రోజుకు ఒక చెంచా అన్నంలో కలుపుకోవచ్చు. నువ్వులు ఎలాగూ ఉన్నాయి. చెరువు చేపలు దొరికితే వారానికి రెండుసార్లు పులుసు పెట్టుకోవచ్చు.

వేరుసెనగ విషయంలో ఒక జాగ్రత్త. తేమకు బూజు పట్టిన కాయలు, నల్లబడి ముడుచుకుపోయిన పప్పు తినకూడదు. ఆ బూజులో అఫ్లాటాక్సిన్ అనే విషం ఉంటుంది. అది కాలేయాన్ని దెబ్బతీస్తుంది. వేయించినా పూర్తిగా పోదు. బూజు కాయలు ఏరి పారేయాలి. పశువులకూ పెట్టకూడదు.

హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 1918లో కూనూరులో పుట్టి, 1958లో ఇక్కడికి వచ్చింది. భారతీయులు ఏం తినాలో చెబుతూ ఆ సంస్థ 2024లో కొత్త సూచనలు విడుదల చేసింది. వాటి సారం ఇది: అన్నం, రొట్టెలు తగ్గించాలి. కూరగాయలు, ఆకుకూరలు, పప్పులు పెంచాలి. ఉప్పు, చక్కెర, నూనె మితంగా వాడాలి. మన పల్లెల్లో కంచం నిండా అన్నం, అంచున చారెడు కూర ఉంటుంది. ఆ కంచం మారాలి. తోటకూర, పాలకూర, మునగాకు, గోంగూర రోజూ ఏదో ఒకటి ఉండాలి. కందిపప్పు, పెసరపప్పు, సెనగలు, జొన్న, రాగి అన్నీ మన చేలలో పండేవే. వీటికి నాంపల్లి రైలెక్కనక్కర లేదు.

ముందు పరీక్ష, తర్వాత పప్పు

మతిమరుపు ప్రతిసారీ అల్జీమర్సే కాదు. బాగుపడే మతిమరుపులు కూడా ఉన్నాయి. అందుకే డాక్టరు దగ్గరికి ముందు వెళ్లమనేది.

విటమిన్ బి-12 తక్కువైతే మరుపు, తిమ్మిర్లు, నీరసం వస్తాయి. పాలు, గుడ్లు, మాంసం తిననివారిలోనూ, చక్కెర వ్యాధికి ఏళ్ల తరబడి మెట్‌ఫార్మిన్ మాత్ర వాడేవారిలోనూ ఇది కనిపిస్తుంది. బాదంలోనూ ఖర్జూరంలోనూ ఈ విటమిన్ లేదు. ఎంత తిన్నా లోటు తీరదు. ఇంజెక్షన్లతోనో మాత్రలతోనో తీరుతుంది. థైరాయిడ్ మందగించినా మెదడు మొద్దుబారుతుంది. రోజుకో మాత్రతో అది అదుపులోకి వస్తుంది. భార్యో భర్తో పోయిన దిగులులో మనిషి మౌనంగా, మతిలేనట్టుగా అయిపోవచ్చు. దానికీ చికిత్స ఉంది. జారిపడి తలకు దెబ్బ తగిలిన కొన్ని వారాలకు లోపల రక్తం గడ్డకట్టి మతి తప్పవచ్చు. ఆపరేషన్‌తో బాగుపడినవారున్నారు. నిన్నటిదాకా బాగున్న మనిషి ఒక్క రోజులో తికమకపడితే మూత్రంలో చీము, జ్వరం, ఒంట్లో నీరు తగ్గడం, కొత్తగా వాడిన మాత్రలు కారణం కావచ్చు. ఆ మనిషిని ఆ రోజే ఆస్పత్రికి తీసుకుపోవాలి.

బాగుకాని మతిభ్రంశాన్ని కూడా కొంత వాయిదా వేయవచ్చు. ప్రపంచ నిపుణుల సంఘం ఒకటి 2024లో లాన్సెట్ వైద్య పత్రికలో 14 కారణాలు లెక్క చెప్పింది. వీటిని పుట్టినప్పటి నుంచి సరిదిద్దుకుంటే ప్రపంచంలోని మతిభ్రంశం కేసుల్లో నూటికి 45 దాకా తప్పించడమో ఆలస్యం చేయడమో వీలవుతుందని అంచనా వేసింది. చదువు లేకపోవడం, వినికిడి తగ్గడం, చూపు తగ్గడం, రక్తపోటు, చక్కెర వ్యాధి, చెడు కొవ్వు, పొగ తాగడం, అతిగా సారా తాగడం, స్థూలకాయం, ఒళ్లు కదలకపోవడం, దిగులు, ఒంటరితనం, తలకు దెబ్బ, పొగతో నిండిన గాలి - ఇవీ ఆ 14. ఇందులో ఎండు పండ్లు లేకపోవడం వింత కాదు. తిండి చేసే మేలు చాలా వరకు రక్తపోటు, చక్కెర, కొవ్వు, బరువు అదుపులో ఉండడం ద్వారానే వస్తుంది.

ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో రక్తపోటు, చక్కెర పరీక్షలు ఉచితంగా చేస్తారు. శుక్లాలు ఉంటే ఆపరేషన్, చెవుడు ఉంటే మిషన్, బండి నడిపే కొడుక్కి హెల్మెట్ - ఇవన్నీ మెదడును కాపాడేవే. కిలో అక్రోట్ల డబ్బు వీటిలో దేనికి పెట్టినా వృథా కాదు.

ఖర్చు లేని కాపుదల

ఆబిడ్స్ బజారులో ఒక్క దుకాణం ముందు నిలబడితే తెలుగు, ఉర్దూ, హిందీ, మార్వాడీ మాటలు చెవిన పడతాయి. ఈ సంగతికీ మెదడుకూ సంబంధం ఉందని హైదరాబాద్‌లోనే తేలింది. పంజాగుట్టలోని నిజాం వైద్య విజ్ఞాన సంస్థలో నరాల వైద్యురాలు డాక్టర్ సువర్ణ అల్లాడి, ఆమె సహచరులు 648 మంది మతిభ్రంశం రోగుల వివరాలు పరిశీలించారు. ఒకే భాష వచ్చినవారికన్నా రెండు లేక అంతకు మించి భాషలు మాట్లాడేవారిలో జబ్బు సుమారు నాలుగున్నర ఏళ్లు ఆలస్యంగా బయటపడిందని 2013లో ప్రకటించారు. చదువు రానివారిలోనూ ఈ తేడా కనిపించింది. అంటే ఇది బడి చదువు మహిమ ఒక్కటే కాదు.

దీన్నిబట్టి అరవయ్యో ఏట కొత్త భాష నేర్చుకుంటే జబ్బు రాదని చెప్పలేం. కానీ మెదడుకు పని ఉండాలన్నది నిజం. పెద్దవాళ్లను మూలన మంచం మీద కూర్చోబెట్టవద్దు. చేను దాకా నడవనివ్వండి. రచ్చబండ దగ్గర నలుగురితో మాట్లాడనివ్వండి. మనవలకు కథలు చెప్పమనండి. కూరగాయలు తరగడం, గింజలు ఏరడం లాంటి పనులు చేతనైనంత చేయనివ్వండి.

జబ్బు వచ్చిన పెద్దలకు ఎలా పెట్టాలి?

జబ్బు ఖాయమైన ఇంట్లో తిండి విషయంలో మరో రకం జాగ్రత్త కావాలి. జబ్బు ముదిరిన కొద్దీ నమలడం, మింగడం మరిచిపోతారు. గట్టి బాదం గింజ, వేరుసెనగ పప్పు, గింజ తీయని ఖర్జూరం గొంతుకు అడ్డం పడి ప్రాణం తీయవచ్చు. పప్పులు పెట్టదలిస్తే మెత్తగా పొడి చేసి జావలోనో పెరుగన్నంలోనో కలపాలి. నిటారుగా కూర్చోబెట్టి, చిన్న చిన్న ముద్దలు, నిదానంగా పెట్టాలి. తిన్న వెంటనే పడుకోబెట్టకూడదు.

తిన్నది మరిచి మళ్లీ అన్నం అడిగితే కసురుకోవద్దు. కొంచెం మజ్జిగో, పండు ముక్కో చేతికివ్వండి. తినడం మరిచిపోయేవారికి వేళకు గుర్తు చేసి పక్కన కూర్చొని తినిపించండి. దాహం వేసినా అడగరు. కాబట్టి మంచినీళ్లు గంటగంటకూ ఇవ్వాలి. దారి తప్పే అలవాటుంటే చొక్కా జేబులో ఊరి పేరు, ఫోన్ నంబరు రాసిన కాగితం ఉంచండి. డాక్టరు రాసిన రక్తపోటు, చక్కెర మాత్రలు మానిపించి మేవా పెట్టడం మాత్రం ఎన్నడూ చేయవద్దు.

ముందు ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో చూపించండి. అక్కడి డాక్టరు పంపితే జిల్లా ఆస్పత్రికి, అవసరమైతే హైదరాబాద్‌కు వెళ్లవచ్చు. అఫ్జల్‌గంజ్‌లోని ఉస్మానియా ఆస్పత్రి మొజంజాహీ మార్కెట్ నుంచి రెండు కిలోమీటర్లు కూడా లేదు. పెద్దల సమస్యలపై సలహాకు 14567 నంబరుకు, దిగులు లాంటి మానసిక బాధలకు 14416 నంబరుకు ఫోన్ చేయవచ్చు. రెండూ ప్రభుత్వం నడిపేవే, ఖర్చు లేదు.

ఆస్పత్రికి వెళ్లేటప్పుడు పెద్దాయన వాడే మాత్రలన్నీ సంచిలో వేసుకొని వెళ్లండి. మరుపు ఎప్పుడు మొదలైంది, మెల్లగా వచ్చిందా ఒక్కసారిగా వచ్చిందా, ఈమధ్య జారిపడ్డాడా, నిద్ర ఎలా ఉంది, ఏం తింటున్నాడు అన్నవి ఒక కాగితం మీద రాసుకోండి. ఎప్పుడూ ఆయన పక్కనే ఉండే మనిషి తోడు వెళ్లాలి. డాక్టరుకు కావలసిన సంగతులు చెప్పగలిగేది ఆ మనిషే.